విటమిన్ల సీసా

జనవరి 11

పిన్నీ,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమే అనుకునేదాన్ని, నీ కిందటి ఉత్తరం చూడకపోయి ఉంటే.

ముందు నా సంగతి చెప్పేస్తాను. ఇది మూడో ఉద్యోగమని నువ్వు వెక్కిరించేలోపే చెప్తున్నా, దీన్ని వదలను. బట్టలుతికే యంత్రంతో పాటు అట్టపెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది చూడు, ఎవరూ చదవకుండా సొరుగులో పడేస్తారు, అది రాసేది నేనే. సాహిత్యంలో పట్టా పుచ్చుకున్న ఫలం. పొద్దస్తమానం "మూత పూర్తిగా మూయవలెను", "తడి చేతులతో తాకరాదు" అని రాస్తుంటాను. నా కుర్చీ ఎదురుగా గోడ, వెనక కిటికీ. కిటికీ వైపు తిరిగితే మా సూపర్‌వైజర్ దగ్గుతాడు. ఆయన దగ్గుల్లో రకాలున్నాయి. పొడి దగ్గయితే పని చూసుకోమని, గొంతు సవరిస్తే ఇంటికెళ్లొచ్చని అర్థం.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం రెండో పేజీలో సిరా అలుక్కుపోయింది. "అందరం బాగున్నాం" అన్నచోటే సరిగ్గా. ఏడ్చావా?

నిన్న అమ్మ ఫోన్లో అంది: "మీ పిన్ని ట్రాక్‌సూట్ ఒంటి మీద నిలవట్లేదే. మెడ పక్కన బిళ్ల కట్టింది. తెల్లారేసరికి దిండు పిండితే నీళ్లు కారేట్టుంటోంది." అంతవరకు చెప్పి ఫోన్ పెట్టేసింది. చెప్పనిదేమిటో నాకు తెలుసు. మన ఇంట్లో ఆ మాట ఎవరూ పలకరు కదా. కాగితం నాది, కలం నాది, కాబట్టి రాస్తున్నాను: హెచ్ఐవి. పిన్నీ, నువ్వు మాత్రలు మానేశావా? ఇన్నేళ్లుగా వేసుకుని వేసుకుని విసుగెత్తిందా? నిజం చెప్పు. కోప్పడను. అబద్ధం, కోప్పడతాను, కానీ తర్వాత.

నీ
రాయి


జనవరి 19

ఒసే రాయీ,

నీకు ఆ పేరు ఎందుకు పెట్టానో మర్చిపోయి ఉంటావు, గుర్తు చేస్తా. ఈత నేర్పుతూ పూల్లో ఎంతమంది పిల్లల్ని తేల్చానో, ఒక్కదానివి మాత్రం చక్కగా అడుక్కి వెళ్లి కూర్చున్నావు. ఇప్పుడు నీ ఉత్తరం కూడా అలాగే వచ్చి నా గుండెల మీద కూర్చుంది.

మానేశానా? నేనా? జ్వరమొచ్చినా, ఊరెళ్లినా, మీ అమ్మ అలిగినా, ఈల మెడలో వేసుకునే ముందు ఆ విటమిన్ల సీసా మూత తియ్యని రోజు లేదు. మాత్రలు వచ్చిన డబ్బా చించి చెత్తబుట్టలోకి, మాత్రలేమో విటమిన్ల సీసాలోకి. మీ అమ్మ పెట్టిన ఆనవాయితీ. లేబుల్ ఊడిపోకుండా టేపు కూడా తనే చుట్టింది. నా రక్తంలో ఆ పురుగు పరీక్షకి దొరకనంత తగ్గిందని డాక్టర్లు ఏటా చెప్తూనే ఉన్నారు. నువ్వొక్క గీత గీసి నన్ను దొంగని చేశావు. ఉత్తరం చదివి పూటంతా టీ తాగలేదు. (సాయంత్రం రెండు తాగాను. అది వేరే సంగతి.)

బిళ్ల సంగతి ఆరోగ్య కేంద్రంలో చూపించా. అక్కడి ముసలి డాక్టరు నా పాత కాగితాలు చూశాడు, మెడ నొక్కాడు, "మీలాంటివాళ్లకి ఇది టీబీయే అవుతుంది" అని మందులు మొదలుపెట్టాడు. తగ్గిపోతుంది. అక్షరాలు అలుక్కుపోయినది పూల్ నీళ్లకి. పిల్లలకి నేర్పి అలాగే వచ్చి రాశాను.

ఒకటి అడగనా? నీ ఉత్తరం కవరులో ఇంకో కవరు, దానికి చుట్టూ టేపు. పోస్టువాడికి లోపలి మాట కనబడుతుందనా? నువ్వూ మీ అమ్మలాగే తయారయ్యావన్నమాట.

అలక మీద ఉన్న
పిన్ని


ఫిబ్రవరి 2

పిన్నీ,

టేపు ఆఫీసుది, ఉచితం. మొదటి కవరు నా సంచిలో చిరిగితే రెండోదాంట్లో పెట్టాను. నీ గురించి సిగ్గుపడేంత తెలివితక్కువదాన్ని కాను. మానేశావా అని అడిగినందుకు మాత్రం చెంపలేసుకుంటున్నా, నిజంగానే. పక్కబల్ల అమ్మాయి చూసి దోమ కుట్టిందా అంది.

ఇప్పుడు నా వంతు. అమ్మ చెప్పింది, నెల పైనుంచి నువ్వు నీళ్లలోకి దిగడం లేదట. గట్టు మీద కుర్చీ వేసుకుని ఈల ఊదుతున్నావట. మరి ఆ నీళ్లెక్కడివి? పూల్ నడిచొచ్చిందా?

కోప్పడడం తర్వాత. ముందు ఇది చదువు. మా వీధి చివర ఉన్న గ్రంథాలయంలో వైద్యం పుస్తకాల వరస ఉంది. అక్కడ కూర్చుని చదివాను. నాకు అర్థమైనది ఇంతే. మెడలో బిళ్ల, జ్వరం, తగ్గిపోయే ఒళ్లు, చెమటలు అన్నీ టీబీకి ఉంటాయి. లింఫోమా అనే దానికీ అచ్చం ఇవే ఉంటాయి. అదొక కాన్సర్. ఒంటికి కాపలా కాసే కణాల్లోనే కొన్ని దారితప్పి, గుంపుకట్టి పెరిగిపోతాయట. హెచ్ఐవి ఉన్నవాళ్లకి మిగతావాళ్లకంటే ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మాత్రలు తప్పకుండా వేసుకునేవాళ్లకి ఆ ప్రమాదం తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. అంటే నీ తప్పేమీ ఉండకపోవచ్చు. చేత్తో నొక్కి ఇది ఫలానా అని చెప్పలేరు. బిళ్లలోంచి ముక్క తీసి చూడాలి. నీకు ముక్క తీశారా? లేదుగా? "మీలాంటివాళ్లకి" అని ఆయన అన్నాడే, ఆ మాటతోనే పరీక్ష అయిపోయినట్టుంది.

టీబీ మందు మొదలుపెట్టాక బిళ్ల తగ్గిందా, పెరిగిందా? అద్దంలో కాదు, వేలితో చూసుకుని రాయి.

రాజీనామా ఉత్తరం రాసి పెట్టుకున్నాను. నువ్వు ఊ అంటే వచ్చేస్తా.

నీ
అడుగున కూర్చున్న రాయి


ఫిబ్రవరి 26

రాయీ,

కోప్పడ్డావు, బాగానే ఉంది. ఇంకెప్పుడూ నీతో నీళ్ల అబద్ధం ఆడను.

నీ ఉత్తరం పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాను. బిళ్ల పెరిగింది. పక్కన దానికో చెల్లెలు కూడా పుట్టింది. అక్కడ ఒక డాక్టరమ్మ ఉంది. తాటిచెట్టంత పొడుగు, వంగి వంగి మాట్లాడుతుంది. నీ ఉత్తరం చదివి, "ఎవరు ఈ అమ్మాయి, మెడిసినా?" అంది. "కాదండీ, బట్టలుతికే యంత్రాలు" అన్నాను. నవ్వు ఆపుకుని ముక్క తీయించింది.

నువ్వన్నదే. లింఫోమా. టీబీ మందులు ఆపేశారు.

చెప్పేటప్పుడు ఆ పిల్ల డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది చూడు, గ్లౌజు లేకుండా. ఆ ముందు ఎవరు అలా పట్టుకున్నారో గుర్తు తెచ్చుకుందామని చూశాను, నా ఈత పిల్లలు తప్ప ఎవరూ తట్టలేదు. పాత సంగతులన్నీ రాసుకుంటూ, "హెచ్ఐవి ఎలా వచ్చింది?" అని అడిగింది. "బస్సులో వచ్చింది డాక్టర్. టికెట్టు కూడా తీసుకోలేదు" అన్నాను. ఇక మళ్లీ అడగలేదు.

కీమో ఎక్కిస్తారు. విడతలు విడతలుగా, కొన్ని నెలలు. నయం చెయ్యడానికే ఇస్తున్నాం, ఊరికే కాలక్షేపానికి కాదు అని గట్టిగా చెప్పింది. నేను దాన్ని నీళ్లలోకి దూకే ముందు పీల్చే గాలిలా లోపలికి పీల్చుకున్నాను. తర్వాత ఏం చెప్పిందో సగం వినలేదు.

మీ అమ్మ మాత్రం వార్డులో చేరే ముందురోజు నా సంచి సర్దుతూ ఒకటే మాట: "సీసా లోపలి అరలో పెట్టాను. ఎవరైనా అడిగితే బలానికి అను." దాని భయం దానిది. నీ చిన్నప్పుడు అద్దె ఇల్లు ఎందుకు మారామో నీకు తెలీదు. తనకి తెలుసు.

నువ్వు రావద్దు. రాజీనామా చింపేయ్. నాకోసం నువ్వు పని మానేశావంటే నేను మందు మానేస్తా.

పిన్ని


మార్చి 8

పిన్నీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి భయపడ్డాను, రెండోసారి నవ్వాను (బస్సు దగ్గర), మూడోసారి చివర్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "నువ్వు రావద్దు." వద్దంటే వద్దు. ఆసుపత్రిలో నేను గాభరాపడి, వాగి, నీ పరువు తీస్తానని కదూ? అమ్మ పక్కనుంటే చాలు కదూ? సరే.

రాజీనామా చింపేశాను. ఆ ముక్కలు చూసి సూపర్‌వైజర్ ఒక కొత్త రకం దగ్గాడు. అర్థం కాలేదు.

నీతో చెప్పని సంగతొకటి. నేను ఉద్యోగాలు మారుస్తుంటే అందరూ కాలు నిలవని పిల్ల అంటారు. నీలా ఒకే గట్టు మీద, ఒకే ఈలతో ఇన్నేళ్లు నిలబడడం ఎలాగో నాకు తెలియదు పిన్నీ. భయపడే పిల్లని నీళ్లలో వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద చెయ్యి పెడతావు చూడు, ఆ పిల్లకి తెలియకుండా చెయ్యి తీసేస్తావు, అయినా అక్కడే ఉంటావు. నువ్వు నాకు చేసింది అదే. ఇప్పుడు నీ వీపు కింద చెయ్యి పెడదామంటే రావద్దంటున్నావు.

రోజూ వేసుకునే మాత్రలు అక్కడ ఎలా వేసుకుంటున్నావో రాయి. ఇది మాత్రం మర్చిపోకు.

రాయి


మార్చి 20

పిచ్చిరాయీ,

పరువేమిటే, నా పరువు నీ దగ్గర కాక ఎక్కడుంది? రావద్దన్నది నువ్వొస్తే నేను ఏడుస్తానని. ఇక్కడ నాకో పేరుంది. జేబుకి గడియారం తగిలించుకుని తిరిగే నర్సు ఒకావిడ, గడియారం నర్సు అనుకో, నన్ను "కెప్టెన్" అంటుంది. కెప్టెన్లు ఏడవరు.

కిటికీ పక్క మంచం. మొదటి విడత ఎక్కింది. మందు ఎర్రగా, చల్లారిన టీ రంగులో ఉంది. వాంతి ఒకరోజే. జుట్టు దిండు మీద ఉంటోంది, తల మీద ఉండటం లేదు. దానికి నాకు బాధ లేదు. ఈత టోపీ ఇప్పుడు జారకుండా కూర్చుంటుంది.

పక్కమంచం పెద్దావిడ ఎవరనుకున్నావు? మన పూల్లో సీతాకోకచిలుకలా రెండు చేతులూ విసురుతూ ఈదే పిల్ల ఉందే, దాని నాయనమ్మ! "మీరా! మా పిల్ల దేవుడి పేరు కంటే మీ పేరే ఎక్కువ తలుస్తుంది" అని రోజూ నా మంచం దగ్గర కుర్చీ వేసుకుంటుంది. మంచిది. మాటలపుట్ట.

మాత్రల సంగతి అడిగావు. చేరినరోజే గడియారం నర్సు సంచీలన్నీ వెతికి, బయటి పొడులు, చూర్ణాలు, విటమిన్లు కీమోతో కలపకూడదని తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. నా సీసా కూడా వెళ్లింది. పెద్దావిడ పక్కనే ఉంది, ఏం చెప్పను? డాక్టరమ్మ రోజూ రౌండ్లలో, నా గుట్టు కాపాడుదామని కాబోలు, పేరు పెట్టకుండా "మామూలు మాత్రలు వేసుకుంటున్నారుగా?" అంటుంది. నేనూ తలూపుతాను. పోనీలే, పెద్ద మందు ఎక్కుతోంది కదా, చిన్నదానికి కొన్నాళ్లు సెలవు. ఒకేసారి రెండు పోట్లాటలెందుకు ఒంటికి?

బోడిగుండు
పిన్ని


మార్చి 24

పిన్నీ,

వేగంగా వెళ్లే టపాలో పంపుతున్నాను. రేపటికి అందాలి. నీ ఫోన్ అమ్మ సంచిలో మోగి మోగి ఆగిపోతోంది. అమ్మకి చేస్తే, "వార్డు నిండా జనం ఉన్నారే, ఎలా చెప్పమంటావు? ఇంటికొచ్చాక వేసుకుంటుందిలే" అంది. ఆసుపత్రికి చేస్తే, రోగుల సంగతి ఫోన్లో ఏమీ చెప్పరట, వినరట.

సెలవు లేదు పిన్నీ. ఆ రెండు పోట్లాటలూ ఒకే పోట్లాట. కీమో కాన్సర్‌ని కొడుతూ కొడుతూ నీ కాపలాబలాన్ని కూడా తగ్గిస్తుంది. అదే సమయంలో మాత్రలు ఆపితే అణిగి ఉన్న వైరస్ లేచి కూర్చుంటుంది. అప్పుడు మామూలు జలుబు కూడా నిన్ను ముంచగలదు. మాత్రలు ఆపకుండా కీమో తీసుకునే రోజులు వచ్చాకే నీలాంటివాళ్లు కోలుకోవడం పెరిగిందట. గ్రంథాలయంలో ఆ పేజీ దగ్గర నేను లేచి నిలబడ్డాను. పక్కనాయన ఏమైందమ్మా అన్నాడు.

డాక్టరమ్మకి నీ సంగతి తెలుసు. తెలియనిది ఆ సీసాలో ఏముందో. ఆవిడ గుట్టు కాపాడుతూ అడుగుతోంది, నువ్వు గుట్టు కాపాడుకుంటూ తలూపుతున్నావు. మధ్యలో టేపు చుట్టిన ఒక అబద్ధం బీరువాలో కూర్చుంది.

నీ మాట నేను చెప్పను. నువ్వే చెప్పాలి. పెద్దావిడ వింటుంది. విననీ. ఈ వారం చివరి బండికి టికెట్టు తీశాను. నేను వచ్చేసరికి నువ్వు చెప్పి ఉండకపోతే, నిన్ను పట్టుకుని ఆ వార్డు మధ్యలో భోరుమంటాను. అప్పుడు కెప్టెన్ పరువు ఏమవుతుందో ఆలోచించుకో.

రాయి


మార్చి 25

రాయీ,

టికెట్టు రద్దు చేసుకో. చెప్పేశాను. నేనూ వేగం టపాలోనే పంపుతున్నా.

నీ ఉత్తరం టీలతోపాటు వచ్చింది. దిండు కింద పెట్టుకున్నా. నిజం చెప్పాలంటే చెప్పకూడదనే అనుకున్నా. ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. వాళ్ల నాయనమ్మ ఇంటికెళ్లి చెప్తే రేపు నా పూల్ ఏమవుతుంది? నాకు పూల్ తప్ప ఏముందే? అప్పుడే డాక్టరమ్మ వచ్చింది, వంగింది, "మామూలు మాత్రలు వేసుకుంటున్నారుగా?" అంది.

నేను లేచి కూర్చున్నాను. మెల్లగానే చెబుదామనుకున్నా. కానీ అవతలి గట్టున మునిగి ఉన్నవాడికి కూడా వినబడేలా అరిచే బతుకు కదా నాది, నాకున్నది ఆ గొంతొక్కటే. "వేసుకోవట్లేదు డాక్టర్. నాకు హెచ్ఐవి ఉంది. బీరువాలో ఉన్నవి విటమిన్లు కావు, దాని మాత్రలు. లేబుల్ అబద్ధం" అన్నాను.

మీ అమ్మ చేతిలోంచి ఫ్లాస్కు మూత జారి, దొర్లుకుంటూ వెళ్లి, డాక్టరమ్మ చెప్పుకి తగిలి ఆగింది. గడియారం నర్సు బీరువా దగ్గరికి పరిగెత్తింది. డాక్టరమ్మ నా మంచం మీద కూర్చుంది. అరవలేదు. "తప్పు నాది కూడా. పేరు పెట్టి అడగాల్సింది" అంది. రక్తం తీయించింది. మాత్రల్లో ఒకటి కీమో మందుతో పడదట, దాని బదులు ఇంకొకటి తెప్పించి, తన ఎదురుగా మింగించింది. "ఇవి ఆగకూడదు. ఇవి సాగితే, హెచ్ఐవి లేనివాళ్లకి ఎంత ఆశ ఉందో మీకూ దాదాపు అంతే" అంది.

పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుంది. కుర్చీ నా మంచం దగ్గర నుంచి వెనక్కి వెళ్లిపోయింది.

మీ అమ్మ సంగతి రాయాలి. నర్సు దగ్గర సీసా తీసుకుని, స్టూలు మీద కూర్చుని, గోళ్లతో ఆ టేపు గీకడం మొదలుపెట్టింది. పొద్దుగూకేదాకా గీకింది. గట్టిగా చుట్టిందే మహాతల్లి! "కత్తెర తెప్పించనా అక్కా?" అంటే, "నోరుమూసుకుని పడుకో" అంది. లేబుల్ ఊడాక ఆ సీసా కిటికీలో పెట్టింది, అందరికీ కనబడేలా.

పిన్ని


ఏప్రిల్ 3

పిన్నీ,

టికెట్టు రద్దు చేయలేదు, తేదీ మార్పించాను. సెలవు చూసుకుని వస్తాను, నువ్వు ఏడ్చినా సరే.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని చదివాను. సూపర్‌వైజర్ దగ్గలేదు. నా మొహం చూసి ఉంటాడు.

కాలేజీలో ధైర్యం గురించి నేను వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నాను, గుర్తుందా? అందులో ఒక్క వాక్యం కూడా పనికిరాదని ఇప్పుడు తెలిసింది. ధైర్యం అంటే భయం లేకపోవడమని రాశాను. నువ్వు ఆ పూల్ పోతుందని భయపడుతూనే, జుట్టు లేని తలతో, వాంతి వాసన వచ్చే గదిలో, రోజూ నీ పక్కన కుర్చీ వేసుకునే మనిషి చెవిన పడేలా ఆ మాట అన్నావు. నేనెంత తిరిగినా, ఎన్ని కుర్చీలు మార్చినా, ఇంత గట్టిగా ఒక్క నిజం ఎక్కడా చెప్పలేదు.

అమ్మని కూడా మెచ్చుకోవాలనుంది. ఫోన్ చేసి మెచ్చుకుంటే, "గోళ్లు విరిగాయి, అంతే" అంది. నువ్వు చెప్పావా, తనే అందా తెలీదు గానీ, ఈసారి ఫోన్లో ఆ మాట పలికింది. కొంచెం తడబడింది. కానీ పలికింది.

పెద్దావిడ సంగతి రాయి. చెడ్డదైనా రాయి.

నీ
రాయి


సెప్టెంబర్ 14

రాయీ,

నువ్వొచ్చి వెళ్లాక చేతికి ఓపిక చాలక రాయలేదు. నువ్వున్నప్పుడు నేను ఏడ్చిన సంగతి ఎక్కడా రాయకు.

చివరి విడత అయిపోయింది, స్కాన్ తీశారు. డాక్టరమ్మ తెర మీద చూపించింది. మొదటి స్కాన్‌లో మెడ దగ్గర దీపాల్లా వెలిగిన బిళ్లలన్నీ ఆరిపోయాయి. "ఇక చూసుకుంటూ ఉంటాం, మానకుండా రండి" అంది. వైరస్ కూడా మళ్లీ పరీక్షకి అందడం లేదు. గడియారం నర్సు స్వీట్లు అడిగింది.

పెద్దావిడ డిశ్చార్జి అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. ఇంటికెళ్లి చెప్పింది కూడా. ఆ పిల్లతో పాటు ఇంకొందరిని పూల్ మాన్పించారు. మేనేజరు పిలిచి, "నీళ్లలో అంటదా?" అని గొంతు తగ్గించి అడిగాడు. "అంటదు సార్. ఈ నీళ్లలో అంటుకునేది కండ్లకలక ఒక్కటే, అదీ మీరు క్లోరిన్ తక్కువ వేసినప్పుడు" అన్నాను. డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. ఆయన చదివి, మడిచి, ఉద్యోగంలో ఉండమన్నాడు. క్లోరిన్ కూడా పెంచాడు.

మానేసినవాళ్లలో ఎక్కువమంది రాలేదు. వస్తారని నీకు అబద్ధం చెప్పను. కానీ ఇవాళ ఆ సీతాకోకచిలుక పిల్ల వచ్చింది. నాయనమ్మే తెచ్చి గేటు దగ్గర దింపింది. లోపలికి రాలేదు, కానీ పిల్ల నీళ్లలో దిగేదాకా అక్కడే నిలబడింది. పిల్ల గట్టు మీద ఈల పక్కన నా మాత్రలు చూసింది. ఇప్పుడు అసలు డబ్బాలోనే పెడుతున్నాం, దాని పేరుతోనే. "ఇదే ఆ మాత్రా? చేదా?" అంది. "చేదు కాదు, లావు" అన్నా. "మింగేటప్పుడు ముక్కు మూసుకుంటారా?" అంది. "నీళ్లలో నువ్వు మూసుకుంటావా?" అన్నా. ఆలోచించి, "మొదట్లో" అంది.

తర్వాత నేను కూడా దిగాను. డాక్టరమ్మని అడిగే దిగాను, కంగారుపడకు. అటు నుంచి ఇటు ఒక్కసారే. ఆయాసం వచ్చింది. గట్టు పట్టుకుని చిన్నపిల్లలా నవ్వాను.

కింద అక్షరాలు అలుక్కుపోయాయని ఏదో ఊహించుకోకు. తుడుచుకోకుండా అలాగే వచ్చి రాస్తున్నా. ఈసారి నిజంగా పూల్ నీళ్లే. నమ్మకపోతే కాగితం వాసన చూడు.

పిన్ని